"పైన మధ్యలో అంత ఖాళీ ఎందుకు, టీచర్?"

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. కిందటేడు తొమ్మిదో తరగతి పిల్లలకు ఆవర్తన పట్టిక పరిచయం చేద్దామని పెద్ద చార్టు తెచ్చి గోడకు తగిలించాను. మొదటి ఇరవై మూలకాల పేర్లు, సంకేతాలు బట్టీ పట్టించాను. అందరూ గడగడా అప్పజెప్పారు. కానీ సోడియం కింద పొటాషియమే ఎందుకుందని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. ఒకమ్మాయి మాత్రం లేచి, "టీచర్, పైన మధ్యలో అంత ఖాళీ ఎందుకు వదిలేశారు?" అని అడిగింది. తర్వాత చెబుతాలే అని కూర్చోబెట్టాను. నిజానికి నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు. మా బడిలో ల్యాబ్ పేరుకే ఉంది. ఈ ఏడు పాఠం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ అమ్మాయి ప్రశ్న. దానికి జవాబు చెప్పగలిగితే సగం పాఠం చెప్పినట్టే. ముందు ఆ జవాబు మీకు చెప్పి, పిల్లల దగ్గరికి ఎలా తీసుకెళ్ళాలో తర్వాత రాస్తాను.

పట్టికలో అడ్డ వరసలన్నీ ఒకే పొడుగున ఉండవు. మొదటి వరసలో రెండే మూలకాలు. రెండు, మూడు వరసల్లో 8 చొప్పున, నాలుగు, అయిదు వరసల్లో 18 చొప్పున, ఆరు, ఏడు వరసల్లో 32 చొప్పున ఉంటాయి. అన్నీ కూడితే 118. నిలువు వరసలో ఒకదాని కింద ఒకటి ఉన్నవి ఒకే స్వభావమున్న చుట్టాలు. బోరాన్ తన చుట్టమైన అల్యూమినియం నెత్తినే ఉండాలి, కార్బన్ సిలికాన్ నెత్తినే ఉండాలి. అందుకని ఎనిమిదేసి ఉన్న చిన్న వరసల్లో ఇద్దరిని ఎడమ పక్క, ఆరుగురిని కుడి పక్క నిలబెట్టి మధ్యలో చోటు వదిలారు. అక్కడ ఏ మూలకమూ తప్పిపోలేదు. నాలుగో వరసలో స్కాండియం మొదలుకొని జింకు దాకా ఉన్న పదింటికీ పై వరసల్లో చుట్టాలు లేరు, అంతే. 32 ఉన్న వరసలను పూర్తిగా పరిస్తే కాగితం చాలదు కనక కొన్నింటిని విడదీసి అడుగున వేరే ముద్రిస్తారు.

ఇది పిల్లలకు చెప్పాలంటే ఒక గోడ క్యాలెండర్ చాలు. మన క్యాలెండర్లలో కొన్నింట్లో ఆదివారాలు అడ్డంగా ఉంటాయి, కొన్నింట్లో నిలువుగా ఉంటాయి. నిలువుగా ఉన్నది తీసుకెళ్ళండి. ఒకటో తారీకు బుధవారం పడిన నెల తిప్పి, ముందు మూడు గళ్ళు ఖాళీగా ఎందుకున్నాయని అడగండి. "బుధవారం కిందే ఉండాలి కదా టీచర్" అని వాళ్ళే అంటారు. తేదీలు ఒకటొకటిగా పెరుగుతూ పోతాయి, వారాలు మాత్రం తిరిగి తిరిగి వస్తాయి. గడులు ఆ తిరిగి రావడాన్ని చూపించడానికే గీశారు. ఆవర్తన పట్టిక కూడా అచ్చం ఇదే పని చేస్తుంది.

ఇక మొదలెక్కడ అంటే, చార్టు మాత్రం మొదట తగిలించకండి. పాఠం చెప్పినన్ని రోజులూ అది బీరువాలో చుట్టచుట్టుకునే ఉండాలి. నేనూ మొదట్లో మీలాగే చార్టుతోనే మొదలుపెట్టేవాణ్ణి. నా క్లాసులో ఒక కుర్రాడు మూలకాల పేర్లు ఊపిరి తిప్పుకోకుండా చెప్పేవాడు. పొద్దున తిన్న అన్నంలో సోడియం ఎక్కడుందని అడిగితే బిత్తరపోయి చూశాడు. ఉప్పు గురించి వాడికి నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ తప్పు నాది. పట్టిక ఒక జవాబు. ప్రశ్న పుట్టకముందే జవాబు గోడకు తగిలిస్తే పిల్లలు దాన్ని బొమ్మలాగే చూస్తారు.

మొదటి రోజు మూలకాలను ఊళ్ళోంచి తెప్పించండి. మీది మిరప, పత్తి పండే ప్రాంతం. ఇంటింటా ఎరువుల సంచులుంటాయి. సంచి మీద రాసి ఉన్న అంకెలు నోట్సులో రాసుకు రమ్మనండి. 14-35-14 అని, 10-26-26 అని, 20-20-0-13 అని రకరకాలు తెస్తారు. మొదటి అంకె నైట్రోజన్, రెండోది భాస్వరం, మూడోది పొటాషియం. నాలుగో అంకె ఉంటే అది గంధకం. ఇవన్నీ నూటికి ఇంత పాలు అని చెప్పే లెక్కలు. భాస్వరాన్నీ పొటాషియాన్నీ వాటి ఆక్సైడ్ల రూపంలో లెక్కగడతారు కానీ, ఆ సంగతి ఇప్పుడు పిల్లలకు అక్కర్లేదు. "ఎన్.పి.కె." అనే మాట రైతుల ఇళ్ళలో అందరికీ తెలుసు. పొటాషియానికి "కె" ఎందుకని ఎవరైనా అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. లాటిన్‌లో దాని పేరు కాలియం అని చెప్పండి. సోడియం నేట్రియం, ఇనుము ఫెర్రం, సీసం ప్లంబం అనీ చెప్పండి. పరాయి సంకేతాలంటే ఉన్న భయం అక్కడితో సగం పోతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళకు తెలిసిన మూలకాల తెలుగు పేర్లు రాసుకు రమ్మనండి. గంధకం, పాదరసం, తగరం, సీసం, రాగి, ఇనుము వస్తాయి. ఇత్తడి గిన్నెలకు పూసే కళాయి తగరమేనని పిల్లలకు తెలియదు. నాన్నమ్మలకు కళాయి తెలుసు. ఈ రెండూ కలవాలి. ఇత్తడి మూలకం కాదు, రాగీ జింకూ కలిసిన మిశ్రమం. ఎవరైనా ఇత్తడి రాసుకొస్తే తప్పని కొట్టెయ్యకండి. మూలకానికీ మిశ్రమానికీ తేడా చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు.

మీరు అడిగిన సోడియం, పొటాషియం సంగతికి జవాబు కూడా ఎరువుల కొట్లోనే ఉంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అని అమ్మేది పొటాషియం క్లోరైడ్. మనం కూరలో వేసేది సోడియం క్లోరైడ్. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో ఉప్పు, రెండోదాంట్లో పొటాష్ వేసి కలిపి చూపించండి. రెండూ పలుకులే, రెండూ నీళ్ళలో కరిగిపోతాయి. రెండింట్లోనూ ఒక లోహ పరమాణువుకు ఒక క్లోరిన్ పరమాణువు చొప్పున ఉంటుంది. అంత పోలిక ఉన్నవాటిని దూరదూరంగా రాయాలా, దగ్గరగా రాయాలా అని పిల్లల్నే అడగండి. ఎవరూ రుచి చూడకుండా మాత్రం దగ్గరుండి చూసుకోండి. సోడియం ముక్కను నీళ్ళలో వేసి మంట చూపించాలన్న ఆశ ప్రతి సైన్స్ టీచరుకూ ఉంటుంది. ల్యాబ్ సరిగా లేనిచోట అది వద్దు. ఫోన్‌లో వీడియో చూపిస్తే చాలు. పగిలిన థర్మామీటర్లోని పాదరసం కూడా క్లాసులోకి రానివ్వకండి.

రెండో రోజు కార్డులు. పాఠానికి ప్రాణం ఇదే, ఇక్కడ తొందరపడొద్దు. పాత పెళ్ళికార్డులు కత్తిరించి, ఆరుగురికి ఒక కట్ట చొప్పున తయారు చేయించండి. కట్టకు 16 కార్డులు. లిథియం 7, బెరీలియం 9, బోరాన్ 11, కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16, ఫ్లోరిన్ 19, సోడియం 23, మెగ్నీషియం 24, అల్యూమినియం 27, సిలికాన్ 28, భాస్వరం 31, గంధకం 32, క్లోరిన్ 35.5, పొటాషియం 39, కాల్షియం 40. పేరు పక్కనున్న అంకె పరమాణు భారం. దాని కింద ఆ మూలకం లోహమా కాదా, ఘనమా వాయువా అన్నది ఒక్క మాటలో రాయండి. అడుగున ఎర్ర సిరాతో వేలన్సీ, అంటే ఆ పరమాణువు ఎన్ని హైడ్రోజన్లతో గానీ క్లోరిన్లతో గానీ కలుస్తుందో ఆ అంకె. భాస్వరానికీ గంధకానికీ ఒకటి కంటే ఎక్కువ వేలన్సీలున్నాయి. ఇప్పటికి 3, 2 అని రాసి వదిలెయ్యండి. హైడ్రోజన్, హీలియం, నియాన్, ఆర్గాన్ కార్డులు మీ దగ్గరే దాచుకోండి.

భారం ప్రకారం ఒకే వరసగా నేల మీద పేర్చమనండి. పేర్చాక ఎర్ర అంకెలు పైకి చదవమనండి. 1, 2, 3, 4, 3, 2, 1 అని ఒకసారి. మళ్ళీ 1, 2, 3, 4, 3, 2, 1. ఆ తర్వాత 1, 2. గొంతు కలిపి చదివేటప్పుడు రెండో ఒకటి దగ్గర క్లాసులో ఎవరో ఒకరు గట్టిగా అరుస్తారు. అరవనివ్వండి. అప్పుడు మాత్రమే "మళ్ళీ మొదటికొచ్చిన చోట వరస తెంపి కిందికి దించండి" అని చెప్పండి. దించగానే లిథియం కింద సోడియం, సోడియం కింద పొటాషియం వచ్చి కూర్చుంటాయి. మూడూ మెత్తని లోహాలు. ఫ్లోరిన్ కింద క్లోరిన్ వస్తుంది. ఓవర్‌హెడ్ ట్యాంకులో వేసే బ్లీచింగ్ పొడిలో క్లోరిన్ ఉంది, పళ్ళపేస్టులో ఫ్లోరిన్ ఉంది, ఉప్పు ప్యాకెట్ మీద రాసి ఉండే అయోడిన్ అదే నిలువు వరసలో ఇంకా కిందుంది. మొదటి నిలువు వరస చూపించి, పై భారాన్నీ కింది భారాన్నీ కూడి రెండుతో భాగించమనండి. 7, 39 కలిపితే 46, సగం 23. సోడియం సరిగ్గా అంతే. ఇలాంటి ముగ్గురేసి జట్లను డాబరైనర్ అనే జర్మన్ రసాయనశాస్త్రవేత్త 1829 నాటికే పట్టుకున్నాడు.

మర్నాడు అదే పేర్పు మళ్ళీ చెయ్యమని, పిల్లలకు తెలియకుండా ప్రతి కట్టలోంచి సిలికాన్ కార్డు తీసెయ్యండి. ఎర్ర అంకెలు చదివేసరికి మూడు తర్వాత మళ్ళీ మూడు వస్తుంది. తాళం తప్పుతుంది. కొందరు కార్డులను జరిపి సందు మూసేస్తారు. అప్పుడు భాస్వరం కార్బన్ కిందికొస్తుంది, వరస మొత్తం చెడుతుంది. కొందరు అక్కడ చోటు వదిలేస్తారు. చోటు వదిలిన జట్టును నిలబెట్టి, అక్కడ ఉండాల్సిన మూలకం ఎలా ఉంటుందో చెప్పమనండి. వేలన్సీ 4 అంటారు. భారం ఇటు 27, అటు 31 కనక 29 దగ్గర ఉంటుందంటారు. అప్పుడు మీ చేతిలోని కార్డు తిప్పి చూపించండి. దాని మీద 28 అని ఉంటుంది.

మెండెలీవ్ కథ చెప్పాల్సింది ఆ క్షణంలోనే. అంతకుముందు చెబితే అది పుట్టిన తేదీల పాఠం అవుతుంది. సైబీరియాలోని టొబోల్స్క్‌లో 1834లో పుట్టిన మనిషి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ప్రొఫెసర్. అప్పటికి తెలిసిన మూలకాలు 63. తన విద్యార్థుల కోసం రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకం రాస్తూ, ఏ మూలకం తర్వాత ఏది చెప్పాలన్న చిక్కులో పడ్డాడు. సరిగ్గా మీ చిక్కే. కార్డుల మీద రాసుకుని పేర్చి చూసుకున్నాడని చెబుతారు. 1869లో పట్టిక ప్రచురించాడు. పోలిక కుదరని చోట జరిపి మూసెయ్యకుండా ఖాళీ వదిలాడు. పైగా 1871లో, ఆ ఖాళీల్లోకి రాబోయే మూలకాలు ఎలా ఉంటాయో ముందే రాసిపెట్టాడు. వాటికి ఏక-అల్యూమినియం, ఏక-బోరాన్, ఏక-సిలికాన్ అని పేర్లు పెట్టాడు. ఆ "ఏక" మనకు తెలిసిన ఏకమే, సంస్కృతం నుంచి తీసుకున్నాడు. అల్యూమినియం నుంచి ఒక మెట్టు దిగితే వచ్చేది ఏక-అల్యూమినియం అని అర్థం. పిల్లలకు ఇది చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి.

1875లో ఫ్రాన్స్‌లో బ్వాబోద్రాన్ గాలియం కనుక్కున్నాడు. అదే ఏక-అల్యూమినియం. సాంద్రత 4.7 అని ఆయన ప్రకటిస్తే, 5.9 ఉండాలి, మళ్ళీ కొలవండని మెండెలీవ్ రాశాడు. లోహాన్ని ఇంకా శుద్ధి చేసి కొలిస్తే 5.9 వచ్చింది. ఆ లోహాన్ని ఎన్నడూ చేత్తో తాకని మనిషి, చేతిలో పట్టుకున్న మనిషి లెక్కను సరిదిద్దాడు. గాలియం దాదాపు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మీ గుంటూరు ఎండాకాలంలో బీరువాలో పెట్టినా ద్రవమే. 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం దొరికాయి. జెర్మేనియమే ఏక-సిలికాన్, మీ పిల్లలు ఖాళీ వదిలిన గడికి సరిగ్గా కింది గడి. దాని భారం 72 ఉంటుందని మెండెలీవ్ రాశాడు, 72.6 వచ్చింది.

ఈ ఖాళీని, పైన మధ్యలో ఉన్న ఖాళీని పిల్లలు కలిపేసే ప్రమాదముంది. మెండెలీవ్ వదిలిన ఖాళీ, రావాల్సిన చుట్టం కోసం అట్టిపెట్టిన పీట. మధ్యలోది, అసలు పిలవాల్సినవాళ్ళే లేని చోటు. ఈ తేడా ఆ అమ్మాయికి విడిగా చెప్పండి.

ఇప్పుడు దాచుకున్న కార్డుల వంతు. హీలియం, నియాన్, ఆర్గాన్‌లకు వేలన్సీ సున్నా. ఇవి దేనితోనూ అంత తేలిగ్గా కలవవు. పిల్లలు ఎక్కడ పెడతారో చూడండి. ఏ నిలువు వరసలోనూ ఇమడక, చివరికి ఫ్లోరిన్, క్లోరిన్ల పక్కన కొత్త వరస తెరుస్తారు. చరిత్రలోనూ అంతే జరిగింది. 1894లో రేలీ, రామ్సే ఆర్గాన్‌ను వేరు చేశారు. మెండెలీవ్ దాన్ని వెంటనే కొత్త మూలకంగా ఒప్పుకోలేకపోయాడు. తన పట్టికలో దానికి చోటు లేదు మరి. తర్వాత మిగతా జడవాయువులూ దొరికేసరికి ఒక నిలువు వరస మొత్తంగా వచ్చి చేరింది. పట్టిక చెక్కుచెదరలేదు.

చురుకైన పిల్లలు ఆర్గాన్ దగ్గర అడ్డుపడతారు. ఆర్గాన్ భారం 39.9, పొటాషియం 39.1. భారం ప్రకారమైతే పొటాషియమే ముందు రావాలి కదా అంటారు. మంచి ప్రశ్న అని మెచ్చుకోండి. ఇంగ్లండ్‌లో మోస్లీ అనే యువకుడు 1913లో ఎక్స్‌కిరణాలతో పరిశోధించి, వరస నిర్ణయించేది భారం కాదు, కేంద్రకంలోని ధనావేశం అని తేల్చాడు. అదే పరమాణు సంఖ్య. ఆర్గాన్ 18, పొటాషియం 19. మోస్లీ 1915లో గల్లిపోలి యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్ళు. ఎలక్ట్రాన్ల అమరిక ఈ మెట్టు ఎక్కాక చెబితే పిల్లలకు ఒంటబడుతుంది.

బట్టీ సంగతి. మొదటి ఇరవై పేర్లు నోటికి రావాలి, అందులో నాకు అనుమానం లేదు. కాకపోతే ఆ పని తాళంతో చేయించండి. సంగీతంలో తాళం ఒక చుట్టు తిరిగి మొదటికి రావడాన్ని ఆవర్తనం అనే అంటారు. మన పట్టిక పేరులో ఉన్నదీ అదే మాట. ఆదితాళం ఆవర్తనానికి ఎనిమిది అక్షరాలు. హైడ్రోజన్, హీలియం పక్కన పెట్టి, దెబ్బకు ఒక పేరు చొప్పున లిథియం నుంచి నియాన్ దాకా వేయించండి. చేయి మళ్ళీ మొదటి దెబ్బకు వచ్చేసరికి సోడియం, ఇంకో చుట్టు తిరిగేసరికి పొటాషియం వస్తాయి. నిలువు వరసలు చేతికే తెలిసిపోతాయి. న్యూలాండ్స్ అనే ఆయన 1865లో మూలకాలను సప్తస్వరాలతో పోల్చాడు. సరిగమపదని తర్వాత మళ్ళీ స వచ్చినట్టు ఎనిమిదో మూలకం మొదటిదాన్ని పోలి ఉందన్నాడు. సభలో ఒకాయన, అక్షరక్రమంలో పేర్చి చూశారా అని ఎద్దేవా చేశాడు. న్యూలాండ్స్ చెవి మంచిదే. జడవాయువులు అప్పటికి దొరకలేదు కనక ఏడుకే చుట్టు తిరిగినట్టు వినిపించింది. అవి చేరాక ఎనిమిదయింది. నాలుగో వరస నుంచి చుట్టు 18కి పెరుగుతుంది, ఆదితాళం అక్కడితో ఆగిపోతుంది. ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పండి.

118 పేర్లూ నేర్పే పని పెట్టుకోకండి. వరసగా ఇరవై, పట్టిక మధ్యలోంచి ఇనుము, జింకు, ఇంకా రాగి, వెండి, బంగారం చాలు. ఈ చివరి మూడూ ఒకే నిలువు వరసలో ఒకదాని కింద ఒకటి ఉన్నాయని చూపించండి. నగల మీద 916 ముద్ర చాలామంది పిల్లలు చూసే ఉంటారు. వెయ్యి పాళ్ళలో 916 బంగారం, మిగతాది ఎక్కువగా రాగి, వెండి. బంగారం పనివాళ్ళు తరతరాలుగా కలిపి వాడుతున్న మూడు లోహాలూ పట్టికలో ఒక్క ఇంటివే. ఈ ఒక్క సంగతి పిల్లలు ఇంటికెళ్ళి అమ్మతో చెప్పుకుంటారు.

మీరు గుంటూరు జిల్లావారు కాబట్టి ఇంకొకటి. 1868 ఆగస్టు 18న మీ ప్రాంతం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం నడిచింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ వచ్చి గుంటూరులో దూరదర్శిని పెట్టుకుని, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును విడదీసి చూశాడు. మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నం నుంచి చూశాడు. ఆ గ్రహణంలో, విడదీసిన వెలుగులో కనబడిన ఒక పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత తేలింది. ఇంగ్లండ్‌లో లాక్యర్ ఆ గీతను పరిశీలించాక, సూర్యుడి గ్రీకు పేరు మీదుగా ఆ మూలకానికి హీలియం అని పేరు వచ్చింది. భూమ్మీద అది రామ్సే చేతికి దొరికింది 1895లో. మెండెలీవ్ పట్టిక వెయ్యడానికి ఏడాది ముందే, అందులో లేని మూలకం వెలుగు గుంటూరు ఆకాశంలో కనబడిందన్నమాట. హీలియం కార్డు నేల మీద పెట్టే పని, కిందటేడు ఖాళీ గురించి అడిగిన అమ్మాయికి అప్పగించండి. ఇప్పుడు పదో తరగతిలో ఉంటుంది, ఆ ఒక్క పీరియడ్‌కు పిలిపించుకోండి. మీరు బాకీపడ్డ జవాబు కూడా అప్పుడే చెప్పెయ్యొచ్చు.

మిగిలింది హైడ్రోజన్ కార్డు. వేలన్సీ ఒకటి కనక లిథియం మీద పెట్టొచ్చు. వాయువు, అలోహం కనక ఫ్లోరిన్ మీదా పెట్టొచ్చు. జట్లు తప్పకుండా పోట్లాడుకుంటాయి. ఈ విషయంలో రసాయనశాస్త్రవేత్తలకే ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఒక ఎలక్ట్రాన్ ఉంది కాబట్టి చార్టుల్లో ఎడమ పక్కన ముద్రిస్తారని చెప్పి, చార్టు అప్పుడు బయటికి తీయండి. మేకులు పిల్లల చేతే కొట్టించండి.